తక్కెడ కింద చింతపండు

మా కాలేజీలో ప్రతి సెమిస్టరూ మొదటి మిడ్స్‌కు ముందు ఒక అరగంట ఉపన్యాసం ఉంటుంది. 'చదువు, హాబీలు, బ్యాలెన్స్' అని దాని పేరు. చెప్పే పని ఎప్పుడూ ఫిజిక్స్ వాళ్ళ మీదే పడుతుంది, తక్కెడ మా ల్యాబులో ఉంది కాబట్టి కాబోలు. ఈసారి వంతు నాది. ఈసారి దానికో కారణం కూడా దొరికింది. ఫస్టియర్ కుర్రాడి తల్లి ఖమ్మం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, ప్రిన్సిపాల్ గారి బల్ల మీద చిన్న గుడ్డసంచి ఒకటి బోర్లించింది.

అందులోంచి ఏడు పాచికలు దొర్లాయి. ఒకటి మామూలుదే, లూడో డబ్బాలో ఉండేలాంటిది. మిగతావే వింతగా ఉన్నాయి. నాలుగు ముఖాలది ఒకటి, ఎనిమిదిది ఒకటి, పదివి రెండు, పన్నెండుది ఒకటి. అన్నిటికంటే పెద్దది ఇరవై ముఖాలది. అది దొర్లుకుంటూ పోయి హాజరు రిజిస్టర్ల దొంతరకు తగిలి ఆగింది. ప్రిన్సిపాల్ గారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని, తేలును చూపించినట్టు దాన్ని నాకు కళ్ళతో చూపించారు.

"వీడు జూదం ఆడుతున్నాడు సార్," అంది ఆవిడ.

"జూదం కాదమ్మా. డబ్బులుండవు," అన్నాడు కొడుకు, తల వంచుకునే.

"డబ్బుల్లేకపోతే మరి పాచికలెందుకురా?"

వాడు నీళ్ళు నమిలాడు. ఆవిడ అంతటితో ఆగలేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అసలు విషయం చెప్పింది. "కథలు కూడా రాస్తున్నాడు సార్."

జూదం సంగతి గొంతెత్తి చెప్పిన మనిషి కథల సంగతికి గొంతు తగ్గించింది. తెలుగునాట సాహిత్యానికి ఇంతకంటే పెద్దపీట ఎవరు వేస్తారు?

పాచికల సంచి స్వాధీనమై నా డ్రాయరుకు చేరింది. ఉపన్యాసం తేదీ ఖాయమైంది. స్టాఫ్‌రూమ్‌లో పెద్దాయన ఒకరు టీ చల్లార్చుకుంటూ తీర్పు కూడా ఇచ్చేశారు. "పాచికలాడి ధర్మరాజు ఏమయ్యాడో చెప్పండి వాడికి. నలుడేమయ్యాడో చెప్పండి." చెప్పొచ్చు. కాకపోతే ఆ రోజు సభలో పాచికలు పడకపోతే భారతం రెండో పర్వంతోనే సుఖాంతమయ్యేది. పద్దెనిమిది పర్వాల పని కాస్తా రెండింటికి కుదించుకుపోయి, కవిత్రయంలో ఇద్దరికి ఉపాధి పోయేది. ఈ మాట పైకి అనలేదు. ఆయన ఇంకా టీ తాగుతున్నారు.

ఇంతకీ ఆ ఆటేమిటో తెలుసుకోకుండా దాని మీద ఉపన్యాసం ఇవ్వడం మా వృత్తిలో మామూలే. అయినా ఈసారి ఎందుకో తెలుసుకోబుద్ధయింది. దాని పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు అచ్చేశారు. మొదట వేసింది వెయ్యి పెట్టెలు. ఆర్నెసన్ అంతకుముందు మినెసోటా విశ్వవిద్యాలయంలో చరిత్ర విద్యార్థి. అంటే ఇది పుట్టడమే కాలేజీ కుర్రాళ్ళ మధ్య పుట్టింది. ఒకడు కథ నడుపుతాడు. సొరంగం మొదట్లో ఉన్నారు, లోపల్నుంచి ఏదో ఊపిరి వినిపిస్తోంది, ఏం చేస్తారు అంటాడు. మిగతా నలుగురూ ఒక్కో పాత్ర పట్టుకుని మేం ఇది చేస్తాం అంటారు. అనగానే జరిగిపోదు. చేయగలరో లేదో తేలాలంటే ఇరవై ముఖాల పాచిక వేయాలి. ఇరవై పడితే పండగ, ఒకటి పడితే అంతే సంగతులు. అందరి ముందూ వేయాలి, పడింది ఒప్పుకోవాలి, మళ్ళీ వేస్తానంటే కుదరదు.

మనకిది అంత కొత్తేమీ కాదు. అష్టావధానంలో ఒకాయన మధ్యలో కూర్చుంటే ఎనిమిది మంది చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు. నిషిద్ధాక్షరి ఆయన అక్షరం అక్షరానికీ అడ్డు పడతాడు. అప్రస్తుత ప్రసంగికైతే ఏకాగ్రత చెడగొట్టడమే ఉద్యోగం. దీన్ని తిరగేస్తే మా కుర్రాళ్ళ ఆట. మధ్యలోవాడు సమస్యలిస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పూరిస్తారు. అప్రస్తుత ప్రసంగి ఇక్కడా ఉన్నాడు. హాస్టల్లో ఆయన్ని వార్డెన్ అంటారు. తిరుపతి వేంకట కవులు జంట కట్టింది కూడా చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర కలిసి చదువుకునే రోజుల్లోనే. గురువుగారు వాళ్ళ అమ్మల్ని పిలిపించినట్టు నేనెక్కడా చదవలేదు.

మా కుర్రాడి జట్టు ఆట నాలుగు గంటలు. ఆదివారం మధ్యాహ్నం, హాస్టల్ రెండో అంతస్తులో, రెండు మంచాలు దగ్గరికి జరిపి ఎగ్జామ్ ప్యాడ్ల మీద. ఇంగ్లీషు పుస్తకంలోని గోబ్లిన్లు వీళ్ళకి నోరు తిరగక కొరివిదయ్యాలయ్యాయి. నేలమాళిగ కాస్తా గోల్కొండ నుంచి చార్మినార్‌కు ఉందని చెప్పుకునే సొరంగమైంది. ఖర్చు ఎంతరా అంటే పాచికలకు మూడు వందల చిల్లర అన్నాడు. ఆటకు మూలమైన నియమావళిని దాని సొంతదారులే 2023 జనవరిలో ఎవరైనా వాడుకోవచ్చని ఉచితంగా వదిలేశారు. మా కాలేజీ పక్క జిరాక్స్ సెంటర్లో 'ఇంపార్టెంట్ క్వశ్చన్స్' మాత్రం ఇంకా ఎవరూ ఉచితంగా వదల్లేదు.

ఇక బ్యాలెన్స్ సంగతి. తక్కెడ అన్నాక రెండు పళ్ళేలుండాలి, రెండిట్లోనూ ఏముందో తెలియాలి. వారానికి 168 గంటలు. సిటీ నుంచి వచ్చే పిల్లలు మా కాలేజీ బస్సులో పోను గంటన్నర, రాను గంటన్నర, ఆరు రోజులకు పద్దెనిమిది గంటలు కూర్చుంటారు. దొరికితే కూర్చుంటారు, లేకపోతే నిలబడతారు. ఈ పద్దెనిమిది గంటల్ని చదువుతో బ్యాలెన్స్ చేసుకోమని ఏ ఉపన్యాసంలోనూ వినలేదు. ఏడాదికోసారి ఫలానా హీరో సినిమా విడుదలైన రోజు క్లాసులో బెంచీలకు పాఠం చెప్పి వస్తాం. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో ఫస్టాఫ్ బాగుందా సెకండాఫ్ బాగుందా అని చర్చ పెట్టుకుంటాం. ఐపీఎల్ రెండు నెలలూ రాత్రి పన్నెండింటి వరకు కళ్ళు కాయలు కాచేలా చూసినవాడు మామూలు కుర్రాడు. ఆదివారం నాలుగు గంటలు నలుగురితో కూర్చుని కథ అల్లినవాడికి మాత్రం బ్యాలెన్స్ తప్పింది! మా ఊళ్ళో ఒక కిరాణా కొట్టాయన తక్కెడ పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించి పెట్టేవాడు. తూకం చూస్తే సరిగ్గానే ఉండేది. పళ్ళెం ఎత్తి చూడాలని ఎవరికీ తోచేది కాదు.

ఈ బ్యాలెన్స్ ఎవర్ని అడుగుతున్నామో అది కూడా చూడాలి. ఇంటర్ రెండేళ్ళూ పొద్దున ఆరింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి పదింటికి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టళ్ళలో ఉండొచ్చిన పిల్లలు వీళ్ళు. పళ్ళు తోముకోవడానికి కూడా బెల్లు కొట్టే చోటు. తనదంటూ ఒక గంట ఎలా ఉంటుందో రెండేళ్ళు చూడనివాణ్ణి తెచ్చి, నీ టైము నువ్వే బ్యాలెన్స్ చేసుకో నాయనా అంటున్నాం. ఈత నేర్పకుండా రెండేళ్ళు ఒడ్డున కట్టేసి, మూడో ఏడు నడిబావిలోకి తోసి, కాళ్ళు లయగా ఆడించరా అన్నట్టుంది.

బ్యాలెన్స్‌తో పని కాకపోతే రెండో బాణం తీస్తాం. "ముందు సెటిలవు. తర్వాత ఎంత కావాలంటే అంత రాసుకో." ఈ మాట అననివాడు తెలుగునేల మీద తండ్రి కాలేడు. సెటిలవడమంటే వైకుంఠపాళి. డిగ్రీ ఒక నిచ్చెన, ఉద్యోగం ఒక నిచ్చెన. అది ఎక్కగానే పెళ్ళి, అక్కడి నుంచి అపార్టుమెంటు, ఆ గడిలో ఇరవయ్యేళ్ళ ఈఎంఐ పాము. పాము కడుపులోంచి బయటపడేసరికి పిల్లల ఇంటర్ ఫీజు. అప్పుడు వాడు కూడా తన కొడుకును కూర్చోబెట్టుకుని ముందు సెటిలవు అంటాడు. మా డిపార్ట్‌మెంటులోనే ఒకాయన నవల ఒకటి మనసులో పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు మోశారు. రిటైరయ్యాక రాస్తానని మా అందరికీ మాటిచ్చారు. రిటైరయి ఐదేళ్ళయింది. రోజూ పొద్దున ఐదున్నరకు ఆయన దగ్గర్నుంచి గులాబీ పువ్వు మీద శుభోదయం, దాని కింద ఒక పద్యం వస్తాయి. ఆ పద్యం కూడా ఆయనది కాదు.

సెటిలయ్యేదాకా ఆగనివాళ్ళు ఉన్నారు. శ్రీశ్రీ మొదటి పుస్తకం 'ప్రభవ' 1928లో వచ్చింది, అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు. తర్వాత పట్టా పుచ్చుకున్నది జంతుశాస్త్రంలో. ఈ లెక్కన ఆయన చదివిన కాలేజీలో ఎవరో లెక్చరరు తన ధర్మం సరిగ్గా నిర్వర్తించలేదు. మిడ్స్‌కు ముందు అరగంట కూర్చోబెట్టి బ్యాలెన్స్ గురించి చెప్పి ఉంటే మనకొక నికరమైన జువాలజీ మాస్టారు మిగిలేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో టోల్కీన్ అని ఒక ప్రొఫెసరు ఉండేవాడు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎవడో ఖాళీగా వదిలేసిన పేజీ తగిలింది. దాని మీద ఉన్నట్టుండి ఒక వాక్యం రాశాడు. అదే 1937లో అచ్చయిన 'ది హాబిట్'కు మొదటి వాక్యం. పాతికేళ్ళలో నాకు తగిలిన ఖాళీ పేజీలకు లెక్కలేదు. ఒక్కోదాని మీదా అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాను. లోపం పేజీలో లేదని ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

ఆట వల్ల కథ చెడుతుంది, కథ వల్ల చదువు చెడుతుంది అనేవాళ్ళకు మరో రెండు సంగతులు చెప్పాలి. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1970ల్లో కొందరు మిత్రులు వారం వారం కూడి ఇలాంటి ఆటే ఆడుకునేవారు. ఆ ఆట కోసం కట్టుకున్న లోకంలోనే వాళ్ళలో ఒకడైన రేమండ్ ఫీస్ట్ 'మెజీషియన్' నవల నడిపాడు. అది 1982లో వచ్చింది. మధ్యలో 1977లో డిగ్రీ కూడా తీసుకున్నాడు. జపాన్‌లో 1986లో ఒక కంప్యూటర్ పత్రిక ఒక జట్టు ఆడిన ఆటను, ఎవరేం అన్నారో, ఏ పాచికకు ఏం పడిందో, మాటకు మాట సీరియల్‌గా వేసింది. జనం ఎగబడ్డారు. ఆ ఆట నడిపిన ర్యో మిజునో దాన్నే నవలలుగా రాశాడు. పేరు 'రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్'. అదీ రికార్డంటే. జరిగిందే రాశారు.

మా రికార్డుల సంగతి వేరు. కథలు రాయడం పిల్లల్ని చెడగొడుతుందని బాధపడే ఇంజనీరింగ్ కాలేజీ, నాలుగేళ్ళ పాటు వాళ్ళ చేత కట్టలు కట్టలుగా రాయించేది ఏమిటనుకున్నారు? నవంబరు రాగానే మా క్యాంపస్‌లో టైఫాయిడ్ ప్రబలుతుంది. హాజరు 75 శాతానికి తగ్గి 65 దాటినవాళ్ళకే వస్తుంది, మిగతావాళ్ళ జోలికి పోదు. డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టగానే తగ్గిపోతుంది. ఇంత కచ్చితంగా ముందూ వెనకా చూసుకుని మనుషుల్ని పట్టే క్రిమి మీద ఎవడైనా నవల రాస్తే నమ్మరు. ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో దొరుకుతుంది. డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో అడిగితే చెప్పాల్సిన జవాబులు అన్నీ కలిపి ఒక రేటు, కోడ్ వివరించి చెప్పాలంటే ఇంకో రేటు. కృతజ్ఞతల పేజీలో మా పేర్లు ముందే ఉంటాయి, ఒక్కోసారి వేరే కాలేజీ వాళ్ళ పేర్లు కూడా ఉంటాయి. వాటి మీద సంతకాలు పెట్టి పెట్టి నా వేలికి కాయ కాసింది. దీన్నెవరూ ఫిక్షన్ అనరు. దీనికి క్రెడిట్లుంటాయి.

ఆటకొస్తే ఇంకా చెప్పాలి. తనిఖీ బృందం వస్తుందంటే మేమందరం ఆడేది ఏమిటి? లైబ్రరీలో చదువుతున్న విద్యార్థిగా ఒకడు, ప్రయోగం మధ్యలో తలమునకలైన పరిశోధకుడిగా ఒకడు, ఎవరి పాత్ర వాళ్ళకి రెండు రోజుల ముందే ఇస్తాం. ఆ వారం ల్యాబులో ఫ్యాన్లు తిరుగుతాయి. నేను ఒకసారి 'ఇన్నొవేషన్ సెల్ కన్వీనరు' పాత్ర ధరించాను. బృందం వెళ్ళాక సెల్ ఎక్కడుందని నేనే అడిగాను. మా ఆటకు పాచికలు కూడా ఉండవు. ఏం పడుతుందో ముందే రాసి పెట్టుకుంటాం.

కుర్రాళ్ళను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి, వాళ్ళ వాటా వాళ్ళకుంది. మా వాడు నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. నలభై మూడు పేజీలు. ఏడు రాజ్యాల పటాలు, నదులకు నీలం, కొండలకు గోధుమరంగు. మూడు వంశవృక్షాలు. ఒక భాషకు అక్షరమాల, అందులో అచ్చులు మన కంటే రెండు ఎక్కువ. నాణేల పేర్లు, వాటి మారకం రేట్లు. కథ ఏదిరా అంటే చివరి పేజీ తిప్పాడు. ఒక వాక్యం, పదకొండు సార్లు కొట్టేసి పన్నెండోసారి రాసింది. దేవుడు కూడా లోకాన్ని చేశాక ఇంతసేపు కూర్చోలేదు, వెంటనే ఎవడో ఒకడి చేత తప్పు చేయించి కథ మొదలుపెట్టాడు. వాడి గదిలో గోడకు టైమ్‌టేబుల్ కూడా ఉందట. ఎరుపు చదువు, ఆకుపచ్చ రచన, ఊదారంగు ఆట, అరగంట అరగంటకు గళ్ళు. దాన్ని గీసి రంగులు వేయడానికి రెండు సాయంత్రాలు పట్టిందని వాడే చెప్పాడు. ఆ రెండు సాయంత్రాలు ఏ రంగులోంచి తీశావురా అన్నాను. నవ్వాడు. ఇదీ మేం నేర్పిన విద్యే. తూచడం నేర్పుతున్నాం కాబట్టి పిల్లలు రోజంతా తూస్తూనే ఉన్నారు, సరుకు మాత్రం ఇంకా అంగట్లోకి రాలేదు.

ఉపన్యాసం మధ్యాహ్నం మూడింటికి. పొద్దున కాంపౌండ్ పెండ్యులం రికార్డులు ముందేసుకున్నాను. ప్రయోగం చిన్నదే. ఉక్కు కడ్డీకి వరసగా రంధ్రాలుంటాయి. ఒక్కో రంధ్రం దగ్గర కత్తి అంచు మీద వేలాడదీసి, ఇరవై ఊపులకు ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్ పట్టుకుని చూడాలి. గ్రాఫు గీసి, అందులోంచి భూమి ఎంత బలంగా లాగుతోందో తేల్చాలి. పుస్తకంలో సెంటీమీటర్ల లెక్కన 980 అని ఉంటుంది. మా ల్యాబులో కత్తి అంచు అరిగిపోయి చాన్నాళ్ళయింది, గోడ బ్రాకెట్టు మర కూడా వదులైంది. పెండ్యులంతో పాటు బ్రాకెట్టూ ఊగుతుంది, గమనిస్తే గోడ కూడా ఊగుతుందేమోనని నాకు అనుమానం. అలాంటి సరంజామాతో అరవై మూడు మందిలో అరవై రెండు మందికి 979కీ 981కీ మధ్య వచ్చింది. ఏటా అంతే వస్తుంది. భూమి మా రికార్డులు చూసుకుని, దానికి తగ్గట్టు లాగుతుంది.

అరవై మూడోది మా వాడిది. 941.

పిలిపించాను. "ఇదేంట్రా?"

"అదే వచ్చింది సార్."

"మళ్ళీ చేయాల్సింది."

"చేశాను సార్. 938 వచ్చింది. అదీ రాశాను, వెనక పేజీలో."

తిప్పి చూస్తే ఉంది. ప్రతి రంధ్రానికీ మూడేసి సార్లు తీసిన రీడింగులు, కొట్టివేతలతో సహా. వెంట్రుక వాసి తేడాతో ఏ రెండూ ఒకలా లేవు. మిగతా అరవై రెండు రికార్డుల్లో టేబుల్ ముత్యాల్లా ఉంది, జవాబు నుంచి వెనక్కి లెక్క కడితే అలాగే వస్తుంది. అందులో తప్పు పట్టడానికేం లేదు. మా రోజుల్లో మేమూ అలాగే కట్టాం.

"పక్కవాళ్ళకి ఎంత వచ్చిందో చూసుకోలేదా?"

"చూశాను సార్." కాసేపు ఆగాడు. "మొన్న ఆదివారం నాకు ఒకటి పడింది సార్. మూడు నెలల్నుంచి ఆడుతున్న క్యారెక్టరు చచ్చిపోయాడు. అందరూ అయ్యో అన్నారు గానీ మళ్ళీ వేయనివ్వలేదు."

ఇదెందుకు చెప్పాడో వాడికీ తెలిసినట్టు లేదు. వెళ్ళమన్నాను. మార్కుల స్కీము నా బల్ల అద్దం కిందే ఉంటుంది. ఫార్ములాకు రెండు, టేబుల్‌కు మూడు, గ్రాఫుకు మూడు, ఫలితం సరిగ్గా ఉంటే రెండు. అరవై రెండు మందికి పదికి పది వేశాను. వాడికి ఎనిమిది.

మూడింటికి ఐదు నిమిషాలుందనగా అటెండరు వచ్చి హాలు నిండిందని చెప్పి వెళ్ళాడు. ఉపన్యాసం కాగితాల కోసం డ్రాయరు లాగితే గుడ్డసంచి చేతికి తగిలింది. ఇరవై ముఖాలది తీసి బల్ల మీద దొర్లించాను. మూడు పడింది. గదిలో ఎవరూ లేరు. మళ్ళీ వేశాను.